ఫైలు బాగుంది, ఫోనే బాలేదు: మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్ గురించి

ఈ క్లినిక్ గురించి నెట్‌లో ఉన్న రివ్యూలన్నీ ఒకటే తీరు. "మేడం ఓపిగ్గా వింటారు. పార్కింగ్ లేదు." రెండూ నిజమే. కానీ ఓపిగ్గా వినే డాక్టర్లు బెజవాడలో ఇంకా ఉన్నారు, పార్కింగ్ లేని క్లినిక్‌లైతే సూర్యారావుపేట నిండా ఉన్నాయి. మా ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి ఇక్కడికే ఎందుకు వెళ్తున్నాం, ఎక్కడ విసుగొస్తుంది అన్నది ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. క్లినిక్ పేరు మాత్రం రాయను, ఇప్పటికే టోకెన్లు దొరకడం లేదు. మీ ఊళ్ళో ఇలాంటి డాక్టర్ని వెతుక్కోవాలంటే ఏమేం చూసుకోవాలో దీన్నిబట్టి తెలిస్తే చాలు.

ముందు మామూలు సంగతులు. ఫీజు మూడొందలు, చీటీ పది రోజులు చెల్లుతుంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఆదివారం సెలవు. డాక్టరమ్మది డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్, అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళు ప్రత్యేకంగా దీన్నే చదివారు. బోర్డు మీద అది చూసి "గుండె డాక్టరా, పిల్లల డాక్టరా, ఇంతకీ దేనికి స్పెషలిస్టు?" అని కౌంటర్ దగ్గర అడిగేవాళ్ళు రోజూ కనబడతారు. అన్నిటికీ అని చెప్తే ముఖం అదోలా పెడతారు. మనవాళ్ళకి మోకాలు నొప్పి వస్తే ఎముకల డాక్టరు, కళ్ళు తిరిగితే నరాల డాక్టరు, కడుపులో మంటైతే గ్యాస్ట్రో, ఎవరికి వాళ్ళే తిన్నగా వెళ్ళిపోవడం అలవాటు. ఒక్కో డాక్టరు ఒక్కో ముక్క చూసి చీటీ రాస్తారు. ఆ చీటీలన్నీ కలిపి చదివేవాళ్ళే ఉండరు. మా ఇంట్లోనూ మొదట్లో అంతే.

ఇక్కడ నాకు నచ్చింది ఫైలు. ఇంటికో నంబరు, మనిషికో అట్ట ఫైలు. కంప్యూటర్ ఉంది గానీ అది బిల్లులకే ఎక్కువ పనికొస్తుంది, డాక్టరమ్మ నమ్మేది అట్ట ఫైల్నే. షుగర్, బీపీ ఉన్నవాళ్ళ ఫైల్లో మొదటి పేజీ గీతలు గీసిన పట్టిక. తేదీ, బరువు, బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్, కళ్ళ పరీక్ష ఎప్పుడైంది, పాదాలు ఎప్పుడు చూశారు, అన్నీ ఒకే కాగితం మీద వరసగా కిందకి దిగుతూ ఉంటాయి. చూడ్డానికి కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా ఉంటుంది. కానీ మావయ్యగారి కిడ్నీల సంగతి బయటపడింది దానివల్లే.

ఏమైందంటే ఆయన క్రియాటినిన్ ఒకప్పుడు 0.9, తర్వాత 1.1, ఆ తర్వాత 1.3. ల్యాబ్ వాళ్ళ లెక్కలో 1.3 దాకా మామూలే కాబట్టి ఏ రిపోర్టులోనూ ఆ అంకెని లావు అక్షరాల్లో వేయలేదు. విడివిడిగా ఏ రిపోర్టు ఎవరికి చూపించినా "బాగానే ఉందండి" అనేవాళ్ళే, వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ ముందున్నది ఒక్క కాగితమే. ఈవిడ మాత్రం మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి చూసి "ఎందుకు పెరుగుతోంది?" అని పెన్ను కింద పెట్టేశారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు అడిగారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి "మోకాళ్ళకి ఏం వాడుతున్నారు బాబాయ్‌గారూ?" అని అడిగితే తెలిసింది, ఈయన మందుల షాపులో ఎసిక్లోఫెనాక్ కొనుక్కుని నెలల తరబడి మింగుతున్నారని. మా అత్తయ్యకి కూడా తెలీదు. ఆ జాతి నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి, పైగా ఆయన బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు కాబట్టి ఆ రెండూ కలిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలట. నొప్పి మాత్ర ఆపించి, పారాసెటమాల్, తొడ కండరాలకి వ్యాయామాలు చెప్పి పంపారు. తర్వాతి పరీక్షకి అంకె కిందకి దిగింది. ఇందులో పెద్ద వైద్యమేమీ లేదు, పాత అంకెలు దగ్గర పెట్టుకోవడం, మనిషిని చొరవగా అడగడం, అంతే. కానీ ఆ చొరవ కొత్త డాక్టరుకి మొదటిరోజే ఎక్కడినుంచి వస్తుంది? కొత్త డాక్టరు అడిగితే మావయ్యగారు "ఏం వాడట్లేదు" అనే చెప్పేవారు, నాకు బాగా తెలుసు.

రెండోది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక జరిగింది. అసలు ఈ రివ్యూ రాయాలని అనుకున్నది దీనివల్లే. మావయ్యగారికి ఒక రాత్రి ఛాతీలో నొప్పి వస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం, స్టెంట్ వేశారు, ప్రాణం నిలబెట్టారు, అందుకు వాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ డిశ్చార్జి రోజు బిల్లు సెటిల్‌మెంటు, ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్లు, వీల్‌చైర్ కోసం వెతుకులాట, ఆ గోలలో ఒకమ్మాయి వచ్చి నాలుగు పేజీల సమ్మరీ, ఒక మందుల సంచి చేతిలో పెట్టి "ఇవి పొద్దున, ఇవి రాత్రి, పదిహేను రోజులకి రివ్యూ" అని చెప్పి వెళ్ళిపోయింది. ఇంట్లో వాడుతున్న పాత మందుల్లో ఏవి ఆపాలి, ఏవి కొనసాగించాలి అన్నది ఎవరూ చెప్పలేదు. సమ్మరీలో కూడా లేదు. మా అత్తయ్య పాతవీ కొత్తవీ రెండూ వేసేసింది. రెండు అట్టల మీద రెండు పేర్లు, వెనక సన్న అక్షరాల్లో రెండిటి మీదా టెల్మిసార్టాన్ 40 అనే ఉంది. మనిషి బాత్రూమ్ దగ్గర కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడిపోయారు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేముందు ఫోన్ చేస్తే కౌంటర్లో అమ్మాయి "ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవి, కొత్తవి, సగం వాడినవి, ఆయుర్వేదం పొడులు కూడా, సంచిలో వేసుకుని రండి" అంది. ఇది వాళ్ళ పద్ధతట, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళెవరైనా మొదటిసారి సంచితోనే రావాలి. బల్ల మీద అన్నీ బోర్లించి, ఒక్కో అట్టా తిప్పి చూసి మూడు కుప్పలు చేశారు. ఉంచాల్సినవి, ఆపాల్సినవి, కార్డియాలజిస్టుని అడగాల్సినవి. డబుల్ అయిన బీపీ మాత్ర మొదటి నిమిషంలోనే దొరికిపోయింది. అది కాక ఇంట్లో ఎప్పటినుంచో వాడే గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్, అది స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందట, అందుకే ఆసుపత్రి వాళ్ళు పాంటోప్రజోల్ రాశారు, మేం మాత్రం రెండూ వేస్తున్నాం. అది కూడా ఆపేశారు. తర్వాత మా ముందే కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి, క్లోపిడోగ్రెల్ ఎప్పటిదాకా వాడాలో కనుక్కుని, ఆ నెల, సంవత్సరం ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాశారు. చివరికి ఒకే కాగితం మీద తెలుగులో మందుల పట్టిక రాసిచ్చారు. మందు పేరు, దేనికి, ఎప్పుడు, ఎప్పటిదాకా. అది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. మందుల షాపువాడు "ఆ కంపెనీది లేదమ్మా, ఇది ఇస్తా, సేమే" అన్నప్పుడు ఆ కాగితం ఫోటో తెరిచి, పేరు సంగతి వదిలేసి లోపలి మందు, డోసు సరిచూసుకోవడం నేర్చుకున్నాం.

హస్తవాసి మాట నాకు తెలీదు గానీ, డాక్టరమ్మ రాతకోతలకి మాత్రం నూటికి నూరు మార్కులు.

ఇంకో చిన్న తెలివైన పని చేస్తారు. వేరే స్పెషలిస్టు దగ్గరికి పంపేటప్పుడు రాసే ఉత్తరంలో పైసగం ఆవిడ రాస్తారు: ఈయనకి ఏమేం జబ్బులున్నాయి, ఏం వాడుతున్నారు, నా సందేహం ఇదీ అని. కింద సగం ఖాళీగా వదిలి "దయచేసి మీ అభిప్రాయం, మార్చిన మందులు ఇక్కడే రాయండి" అని గీత గీస్తారు. మళ్ళీ ఆ కాగితం తెచ్చి ఫైల్లో పెట్టాల్సిన పూచీ మనది. అందరూ రాయరు, కొందరు ఆ కాగితం చూడనుకూడా చూడరు. కళ్ళ డాక్టరు మాత్రం చక్కగా రెటీనా బొమ్మతో సహా రాసిచ్చారు. మామూలుగా స్పెషలిస్టు నుంచి ఫ్యామిలీ డాక్టరుకి తిరిగి కబురు అందేది చాలా తక్కువ, ఈ సగం కాగితంతో కొంతైనా అందుతోంది.

ఇక నచ్చనివి.

మొదటిది జూనియర్ డాక్టర్లు. జనం పెరిగాక ఆవిడ ఇద్దరు ముగ్గుర్ని పెట్టుకున్నారు, వాళ్ళేమో పీజీ సీటు కోసం చదువుకుంటూ కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ కొత్త ముఖం, "ఎన్నాళ్ళ నుంచి షుగరండీ?" అని మొదటి నుంచి మొదలు. ఫైలు ముందే ఉంటుంది, తెరిచి చూసే తీరిక ఉండదు. మావయ్యగారు ఒకసారి విసుగెత్తి "అందులో రాసుంది నాయనా, చదువుకో" అనేశారు. చాలామంది గొడవ చేశాక పద్ధతి మార్చారు. ఇప్పుడు ఒక్క జూనియరే ఉన్నాడు, కనీసం రెండేళ్ళు ఉంటానని ఒప్పుకుని చేరాడట. డాక్టరమ్మ లేని రోజుల్లో అతను చూస్తాడు, చూసిందంతా ఫైల్లో రాసి, ఆవిడ తిరిగొచ్చాక చూడాల్సిన ఫైళ్ళు విడిగా పేర్చి పెడతాడు. బాగానే నడుస్తోంది. అయినా టోకెన్ తీసుకునేటప్పుడు ఈ పూట ఎవరు చూస్తారో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి. జలుబో, విరేచనాలో, చెవిపోటో అయితే ఎవరు చూసినా ఒకటే, నేను ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకే చూపిస్తా. షుగర్ మందు మార్చాలన్నా, మనసు బాలేదన్నా, ఎప్పటినుంచో నలుగుతున్న బాధ ఏదైనా ఉన్నా ఆవిడ ఉన్న రోజే వెళ్ళాలి. ఈ తేడా కౌంటర్లోనే అడిగి టోకెన్ ఇస్తే సగం గొడవ తగ్గుతుంది. సూచనల పెట్టెలో రాసి వేశాను కూడా. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గరుందో మరి.

ఒక్క డాక్టరు దగ్గరే ఉండటం మనవాళ్ళ చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక మాట. నార్వేలో 2001 నుంచి దేశంలో ప్రతి మనిషికీ పేరు రాసిపెట్టి ఒక డాక్టరు ఉంటారు. అక్కడ దాదాపు 45 లక్షల మంది వివరాలు తీసి చూస్తే, ఒకే డాక్టరు దగ్గర పదిహేనేళ్ళకి పైగా ఉన్నవాళ్ళలో, ఒక ఏడాదే ఉన్నవాళ్ళతో పోలిస్తే, ఆసుపత్రిలో అర్జెంటుగా చేరాల్సి రావడం 28 శాతం, చనిపోవడం 25 శాతం తక్కువగా కనబడ్డాయి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళే ఒకే డాక్టర్ని పట్టుకుని ఉంటారేమో అని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఏటేటా ఎక్కువకాలం ఉన్నకొద్దీ తేడా పెరుగుతూ పోయిందంటే కొట్టిపారేయలేం.

అలాగని ఒకే కన్ను ఎప్పుడూ అన్నీ చూస్తుందనీ కాదు. మా అత్తయ్య విషయంలో డాక్టరమ్మే పొరబడ్డారు. అత్తయ్య నీరసం అంటే "ఆయన్ని చూసుకుని అలసిపోతున్నారు పిన్నీ", ఒళ్ళొచ్చింది అంటే "నడవండి", జుట్టు రాలుతోంది అంటే "వయసు". ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి కాబట్టి ఆవిడ కళ్ళకి అత్తయ్య ఎప్పటి అత్తయ్యలాగే కనబడింది. ఒకరోజు జూనియర్ కుర్రాడు చూసి, గొంతు బొంగురుగా ఉంది, ముఖం ఉబ్బింది అని టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష రాశాడు. థైరాయిడ్ బాగా తగ్గిపోయి ఉంది. డాక్టరమ్మ మర్నాడు తనే ఫోన్ చేసి "నేను చూడాల్సింది" అన్నారు. ఆ మాట అన్నందుకు మాకు నమ్మకం పెరిగింది గానీ తగ్గలేదు, అయినా రివ్యూలో రాయకపోతే అన్యాయం. ఇప్పుడు ఏడాదికోసారి ఫైలు జూనియర్ చేత మొదటి నుంచి చదివిస్తున్నారని విన్నాను. మంచిదే.

రెండో లోటు ఫోను. ల్యాండ్‌లైన్ ఎప్పుడో గానీ ఎత్తరు, వాట్సాప్ నంబర్లో మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు చాలాసార్లు రాదు. రిపోర్టు పంపి "చూడండి మేడం" అంటే, జవాబొచ్చినా సాయంత్రం రమ్మనే అంటారు, ఆ ఒక్క మాట కోసం ఆటో ఎక్కి పోవాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం, నేరుగా చూసి ఆరు నెలలు దాటని పేషెంటుకి అదే జబ్బు విషయంలో అదే డాక్టరు ఫోన్లో చూస్తే దాన్ని ఫాలో-అప్ కింద లెక్కేస్తారు, కొత్తవాళ్ళకంటే ఎక్కువ మందులు రాయడానికి వీలుంటుంది. అంటే తెలిసిన పేషెంటుకి నిబంధనలే వెసులుబాటు ఇచ్చాయి. మధ్యాహ్నం ఒక అరగంట ఫోన్లకి కేటాయించి దానికి విడిగా నూట యాభై తీసుకోమనండి, సంతోషంగా ఇస్తాం. ఊరికే చూడమని మేమూ అడగట్లేదు.

మూడోది, గుర్తుచేసే పని అంతా మన మీదే. హెచ్‌బీఏ1సీ టైము దాటిందని, కళ్ళ పరీక్షకి ఏడాది అయిందని ఆ పట్టిక తెరిస్తే తెలుస్తుంది, కానీ మనం వెళ్తేనే కదా తెరిచేది. వెళ్ళడం మానేసిన మనిషి ఫైలు అలమరాలో పడి ఉంటుంది. మా పక్కింటాయన అలాగే మందులు ఆపేసి, కాలికి పుండు పడ్డాక గానీ మళ్ళీ రాలేదు. నెలకోసారి కాంపౌండరు అలమరా తిరగేసి, ఎవరు రావడం మానేశారో చూసి ఒక ఫోన్ చేస్తే చాలు. క్లినిక్‌లో ఏదైనా ఒక్కటి మార్చమని నన్నడిగితే ఇదే చెప్తాను, ఏసీ తర్వాత.

ఆభా కార్డు, అంటే మన వైద్య రికార్డులన్నీ ఆన్‌లైన్లో ఒకచోట చేర్చే ప్రభుత్వ కార్డు సంగతి కూడా చెప్పాలి. కౌంటర్లోనే మా అందరికీ ఆ 14 అంకెల నంబరు చేసిపెట్టారు. దాని వెనకున్న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021లో మొదలైంది, ఎక్కడ చూపించుకున్నా రికార్డు మనతో వస్తుందన్నారు. మా అనుభవంలో క్లినిక్ వాళ్ళు పెట్టిన రెండు చీటీలు తప్ప అందులో ఏమీ చేరలేదు. అవన్నీ చేరేదాకా అట్ట ఫైలే దిక్కు. ఇంకోటి, ఆసుపత్రిలో చేరినప్పటి రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కౌంటర్లో "ఇవ్వం" అంటే కాగితం మీద రాసి అడగండి, మాట మారుతుంది. డాక్టరమ్మ చెప్పాకే మేం అలా అడిగి యాంజియోగ్రామ్ సీడీ తెచ్చుకున్నాం.

పల్లెల్లో ఉన్నవాళ్ళు ఇదంతా టౌను సంబడం అనుకుంటారేమో. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో ఆలోచన సరిగ్గా ఇదే. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇద్దరు డాక్టర్లు, ఒకరు అక్కడే ఉంటే రెండో ఆయన 104 సంచార వైద్యం బండితో ఊళ్ళకి వెళ్ళడం, తనకిచ్చిన ఊళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళడం, మంచం మీదున్నవాళ్ళని ఇంటికే వెళ్ళి చూడటం. 104 బండి కొత్తదేం కాదు, ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచే తిరుగుతోంది. బండిలో వచ్చే మనిషి మారకుండా ఉండాలన్నదే ఇందులో కొత్త. అది నిలబడాలంటే డాక్టర్ల బదిలీలు నిదానించాలి, అది ఏ ప్రభుత్వానికైనా కష్టమే. ఊళ్ళో జనం ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారని తిడతాం గానీ, అతను నిన్న ఇచ్చిన సూది గురించి ఇవాళ ఇంటికొచ్చి "తగ్గిందా పెద్దమ్మా" అని అడుగుతాడు. చదువున్న డాక్టరు అలా అడిగితే జనం ఆర్‌ఎంపీ గడప ఎందుకు తొక్కుతారు?

మొత్తానికి ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఫోను ఎత్తడం మొదలుపెడితే నాలుగున్నర. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి, ఆపరేషన్లకి ఇది చోటు కాదు, ఛాతీ నొప్పైతే ఇక్కడ టోకెన్ కోసం కూర్చోకుండా తిన్నగా పెద్దాసుపత్రికే పోండి. ఒక్కసారి చూపించుకుని పోదామనుకునేవాళ్ళకి కూడా ఇక్కడ కొత్తగా ఏం కనబడదు, వెయిటింగే కనబడుతుంది. షుగరో, బీపీయో, ఉబ్బసమో ఉన్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు మాత్రం ఇలాంటి డాక్టర్నే పట్టుకోండి. ఈ క్లినిక్ ఏదో పోల్చుకున్నవాళ్ళైతే మొదటిసారికి సోమవారం వద్దు, బుధ, గురువారాలు ఉదయం పదకొండు దాటాక కాస్త పలచగా ఉంటుంది. మందుల సంచి మర్చిపోవద్దు, లేకపోతే వెనక్కి పంపిస్తారు.